గంప కింద ఎనిమిది గంటలు: ఒక మందలో గొర్రెపిల్లల నెమ్ము వ్యాధి – కేస్ స్టడీ

డిసెంబరు మూడో వారంలో ఒక ఉదయం ఫోన్ వచ్చింది. నారాయణపేట వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు. "సారూ, పిల్లలు దగ్గుతున్నయ్. ఇప్పటికి పదకొండు పోయినయ్. పెద్ద జీవాలు మంచిగనే ఉన్నయ్."

సగం కేసు ఆ మాటల్లోనే ఉంది. పెద్దవి బాగుండి పిల్లలే పోతున్నాయంటే, పిల్లల్లో ఏదో లోటుందని ముందు అనుమానించాలి. నేను ఆ రోజు అలా ఆలోచించలేదు, గొర్రెలకూ మేకలకూ వచ్చే పీపీఆర్ అనే అంటు వైరస్ రోగం అనుకున్నాను. ఎందుకు అలా అనుకున్నానో, అసలు సంగతి ఎవరి నోట బయటపడిందో వివరంగా రాస్తున్నాను. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలోనే ఎక్కువ. ఆ తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 1.76 కోట్లు. చలికాలం వస్తే ఇలాంటి ఫోన్లు మనలో ప్రతి ఒక్కరికీ వస్తాయి. వచ్చినప్పుడు మందుల పెట్టెతో పాటు ఇంకేం పట్టుకెళ్ళాలో తోటి పశువైద్యులకూ, జీవాలు పెంచేవాళ్ళకూ చెప్పాలన్నదే నా తాపత్రయం.

మంద, మొదటి రోజు

తల్లి గొర్రెలు 140, పొట్టేళ్ళు 4. నెల్లూరు రకం ఎక్కువ, కొన్ని దక్కనీ కలిసినవి. మే చివర నుంచి చూడి కట్టినవి అక్టోబరు ఆఖరు నుంచి ఈనుతున్నాయి. నేను వెళ్ళే నాటికి 79 పిల్లలు పుట్టాయి, 11 చనిపోయాయి, మిగిలిన 68లో 23 దగ్గుతున్నాయి. జబ్బు పడ్డవన్నీ నాలుగు నుంచి ఎనిమిది వారాల పిల్లలు. తల్లులకు కిందటేడు పీపీఆర్ టీకా, వానాకాలానికి ముందు గురక వ్యాధి టీకా వేయించారు. మూడు వారాల కిందట సంతలో 14 గొర్రెలు కొని మందలో కలిపారు. ఊళ్ళో సూదులు వేసే ఒకతను అప్పటికే కొన్ని పిల్లలకు పెన్సిలిన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి రెండు రోజులు వేశాడు.

పెద్ద మంద మేతకు పోయింది. పిల్లలు ఇంటి వెనక ఒకప్పుడు ధాన్యం పోసుకున్న గదిలో ఉన్నాయి. చలి తగలకూడదని కిటికీకి యూరియా సంచులు కుట్టి బిగించారు, తలుపుకు టార్పాలిన్ కట్టారు. తడి ఆరాలని కింద సున్నం చల్లారు. అంతా పిల్లల మీద ప్రేమతో చేసిన పనే. నిలబడి చూస్తే వాసన పెద్దగా తెలియలేదు. ఒక పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని ముక్కు ఎత్తులో గాలి పీల్చి చూశాను. కళ్ళు మండి నీళ్ళు తిరిగాయి, గొంతు పట్టేసింది. ఆ గదిలో మనిషి పీల్చే గాలి వేరు, పిల్ల పీల్చే గాలి వేరు. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా నేల దగ్గర అంత ఘాటుగా ఉంది. దానికి సున్నం తోడైంది. తడి పెంట మీద సున్నం పడితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా ఎగస్తుంది. మన ఊళ్ళలో మంచిదనుకుని చేసే ఈ పని గాలి ఆడని గదిలో విషమవుతుంది.

జ్వరం 104.5 నుంచి 106.8 డిగ్రీల దాకా ఉంది. ఊపిరి నిమిషానికి 70 నుంచి 90 సార్లు. డొక్కలు ఎగరేస్తున్నాయి, మెడ చాపి రొప్పుతున్నాయి, కొన్నిటికి చిక్కటి చీమిడి. నోట్లో పుళ్ళు లేవు, పారుడు లేదు.

అయినా పీపీఆర్ అనుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, సంత నుంచి కొత్త జీవాలు రావడం. రెండోది, ఆ రోగమంటే నాకున్న భయం. 1987లో తమిళనాడులో మొదటిసారి గుర్తించినప్పటి నుంచి మన మందలను అంతగా వేధించిన రోగాలు తక్కువ. పీపీఆర్ వైరస్ నేరుగా రోగనిరోధక వ్యవస్థ మీదే దెబ్బ కొడుతుంది. లింఫోసైట్లనే తెల్లకణాల్లోకి దూరి వాటిని నాశనం చేస్తుంది. వైరస్ తగ్గుముఖం పట్టినా, రక్షణ కుప్పకూలిన ఊపిరితిత్తుల్లో మామూలు బ్యాక్టీరియా చెలరేగి జీవాన్ని చంపేస్తుంది. అందుకే పిల్లల్లో నెమ్ము కనిపించిన ప్రతిసారీ దాన్ని లెక్కలోంచి తీసేశాకే ముందుకు వెళ్ళాలన్నది నా పద్ధతి. ముక్కు స్రావాలు, రక్తం తీసి ఐస్‌లో పెట్టాను. ఫలితం తర్వాత నెగెటివ్ అని వచ్చింది. అయితే ఆ రోజంతా నేను సంత గొర్రెల గురించే అడిగాను. పిల్లలు పుట్టిన రోజు గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నా తప్పు అదే.

చెంబులో మునిగిన ముక్క

తెల్లవారుజామున చనిపోయిన రెండు పిల్లలను వేప చెట్టు కింద గోనెసంచి పరిచి కోశాను. ఊపిరితిత్తుల వెనక భాగం లేత గులాబీ రంగులో, వేలితో నొక్కితే మెత్తగా ఉంది. ముందు, కింది భాగాలు ముదురు ఎరుపు, ఊదా రంగు కలిసి, పట్టుకుంటే గట్టిగా ఉన్నాయి. పైన పసుపు పొర అతుక్కుని ఉంది. గొర్రెలకు కుడి ముందు భాగానికి వెళ్ళే గొట్టం నేరుగా శ్వాసనాళం నుంచే చీలుతుంది కాబట్టి, పై నుంచి జారే క్రిమికి మొదట దొరికేది ఆ భాగమే.

ఇంటి పెద్దాయన పక్కనే కూర్చుని చూస్తున్నాడు. చెంబుతో నీళ్ళు తెప్పించి, గులాబీ భాగం నుంచి చిన్న ముక్క కోసి వేశాను. తేలింది. ఎర్రటి భాగం నుంచి ఇంకో ముక్క వేశాను. రాయిలా అడుక్కు పోయింది. ఆయన ఆ ముక్కను తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఇది కార్జం లెక్కనే ఉంది సారూ" అన్నాడు. పాఠ్య పుస్తకాలూ ఇదే పోలిక చెబుతాయి. గాలి ఉండాల్సిన చోట చీము, రక్తం, గడ్డకట్టిన ప్రోటీన్ నిండితే ఊపిరితిత్తి కాలేయంలా గట్టిపడుతుంది.

ల్యాబ్ ఫలితం: రెండు పిల్లల ఊపిరితిత్తుల్లోనూ మాన్‌హైమియా హీమోలిటికా అనే బ్యాక్టీరియా. పాత తరం డాక్టర్లకు పాశ్చురెల్లా హీమోలిటికా అంటే తెలుస్తుంది, 1999లో పేరు మార్చారు. ఆక్సీటెట్రాసైక్లిన్‌కూ ఎన్రోఫ్లాక్ససిన్‌కూ రెండు యాంటీబయాటిక్‌లకూ లొంగే రకమే.

ఈ క్రిమి సంత నుంచి రానక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న తల్లుల ముక్కులో, గొంతులో అది ఎప్పుడూ ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే తల్లి ముక్కు నుంచి పిల్ల ముక్కులోకి చేరుతుంది. 79 పిల్లల్లో చాలావాటిలో ఉండే ఉంటుంది. అన్నీ ఎందుకు జబ్బు పడలేదన్నదే అడగాల్సిన ప్రశ్న.

సొంత సైన్యమే చేసే నష్టం

ఈ భాగం కాస్త నెమ్మదిగా చెబుతాను. చికిత్స అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పిల్ల శ్వాసనాళం లోపల సీలియా అనే అతి సన్నని నూగు ఉంటుంది. అది జిగురును ఎప్పుడూ పైకి నెడుతూ, దుమ్మునూ క్రిములనూ బయటికి ఊడ్చేస్తుంది. అమ్మోనియా ఈ నూగును చచ్చుబడేలా చేస్తుంది. మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే ఇంకో క్రిమి ఈ నూగునే పట్టుకుని వేలాడుతుంది. ఈ మందలో జ్వరాలు మొదలవడానికి రెండు వారాల ముందు నుంచే పొడి దగ్గు ఉందని చెప్పారు కాబట్టి, అది కూడా ఉందని నా అనుమానం. దానికి పరీక్ష చేయించే వీలు దొరకలేదు. దానికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, అది సోకిన పిల్లల్లో తమ సొంత సీలియా మీదే పనిచేసే యాంటీబాడీలు తయారవుతాయని పరిశోధకులు గుర్తించారు. కొన్ని మందల్లో దగ్గు నెలల తరబడి ఎందుకు వదలదో చెప్పడానికి ఇది ఒక కారణం.

నూగు దాటి గాలి సంచుల్లోకి చేరిన క్రిమిని మింగేసేందుకు మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు ఉంటాయి. క్రిమి ఒంటికి యాంటీబాడీలు అంటుకుని ఉంటే అవి దాన్ని సులువుగా పట్టుకుంటాయి. లేకపోతే క్రిమి జారిపోయి పెరుగుతుంది. పెరిగిన మాన్‌హైమియా ల్యూకోటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఇది గొర్రె, మేక, ఆవు లాంటి నెమరువేసే జంతువుల తెల్లకణాలనే ఎంచి కొడుతుంది. ఆ కణాల పైన ఉండే సీడీ18 అనే ప్రోటీన్‌కు అతుక్కుని వాటికి చిల్లులు పొడుస్తుంది.

ఇక్కడ కథ తిరగబడుతుంది. కాపలా కణాలు పిలిస్తే రక్తం నుంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. వాటి పొట్టలో క్రిములను కరిగించే ఎంజైములు, ఘాటైన రసాయనాలు ఉంటాయి. క్రిమిని మింగకముందే విషం వాటిని పగలగొడుతుంది. ఆ సరుకంతా పిల్ల సొంత ఊపిరితిత్తి మీద ఒలికిపోతుంది. ఇంకా న్యూట్రోఫిల్స్ వస్తాయి, అవీ పగులుతాయి. 1980లలో దూడల మీద జరిగిన ప్రయోగాల్లో, ముందుగానే న్యూట్రోఫిల్స్‌ను తగ్గించి అదే క్రిమిని ఎక్కిస్తే ఊపిరితిత్తుల నష్టం చాలా తక్కువగా కనిపించింది. చెంబులో మునిగిన ఆ ముక్కను గట్టిపరిచింది చాలావరకు పిల్ల సొంత రక్షణ కణాలే. దీనికి తోడు, నెమరువేసే జంతువుల ఊపిరితిత్తుల రక్తనాళాల గోడలకే ఒక రకం మాక్రోఫేజ్‌లు అతుక్కుని ఉంటాయి. రక్తంలో క్రిమి విషం ఏమాత్రం కనిపించినా అవి గట్టిగా స్పందిస్తాయి. ఈ జంతువుల్లో నెమ్ము గంటల్లో ముదరడానికి అదొక కారణం.

అందుకే యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదని నేను గట్టిగా చెబుతాను. క్రిమి చచ్చినా మంట ఆగదు. మొదటి రోజే వాపు తగ్గించే మందు పడాలి. మరి డెక్సామెథసోన్ కూడా వాపు తగ్గిస్తుంది కదా అంటారు. తగ్గిస్తుంది. పిల్ల మర్నాటికి లేచి మేస్తుంది, జ్వరం దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ అది మాక్రోఫేజ్‌ల చేతులు కట్టేస్తుంది, లింఫోసైట్లను అణచేస్తుంది. మూడో రోజుకు పిల్ల కూలబడుతుంది. ఈ మందలో చనిపోయిన పదకొండులో నాలుగింటికి సరిగ్గా అలాగే జరిగింది. ఆ మందు వేసిన మనిషి మీద నాకు కోపం లేదు. మర్నాడు కనిపించే మెరుగు ఎవరినైనా నమ్మిస్తుంది.

చికిత్స, అయినా కోలుకోని ఎనిమిది

23 పిల్లలనూ కాటాకు వేలాడదీసి తూచాను. కంటితో అంచనా వేస్తే సగం మోతాదే పడుతుంది. ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ కిలోకు 20 మి.గ్రా. కండకు, 72 గంటల తర్వాత మళ్ళీ ఒకసారి. వాపు తగ్గించే మెలాక్సికామ్ కిలోకు 0.5 మి.గ్రా. మూడు రోజులు. మూతి తెరిచి మందులు తాగించడం పూర్తిగా ఆపించాను. రొప్పుతున్న పిల్లకు నోట్లో నూనె, కషాయం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అదే రోజు కిటికీ సంచులు విప్పించి, తలుపు మీద పై భాగం తెరిచి, కింద గాలి నేరుగా కొట్టకుండా దడి కట్టించాను. సున్నం, తడి పెంట ఎత్తించి పల్లి పొట్టు పరిపించాను.

48 గంటలకు 15 పిల్లలు మేత మీద పడ్డాయి. ఎనిమిది అలాగే ఉన్నాయి. వాటికి ఎన్రోఫ్లాక్ససిన్ కిలోకు 5 మి.గ్రా. ఐదు రోజులు ఇచ్చాను. మూడు బతికాయి, ఐదు పోయాయి.

క్రిమి మందుకు లొంగేదే, మోతాదు తూచి ఇచ్చిందే, 23 పిల్లలదీ ఒకటే గది. మరి ఈ ఎనిమిదికి ఏమైంది? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అవ్వ లెక్క

సమాధానం అవ్వ దగ్గర ఉంది. పెద్దాయన భార్య. మందను మేపేది కొడుకులు, పిల్లలను సాకేది ఆమె. మొదటి రోజు నేను మగవాళ్ళతోనే మాట్లాడి వచ్చేశాను. మూడోసారి వెళ్ళినప్పుడు కోలుకోని పిల్లల దగ్గర కూర్చుని, "అవ్వా, ఇది ఎప్పుడు పుట్టింది?" అని అడిగాను.

"ఈ ఎర్ర చెవులదా బిడ్డా? పొద్దుగాల పుట్టింది. మంద లేసే యాళ్ళకు. గంప కింద ఏసిన."

"తల్లి?"

"మేతకు పోయింది. తోలకపోతే ఉపాసముంటది గద. పొద్దుమూకినంక వచ్చి ఇచ్చింది పాలు."

మందుల చీటీల వెనక రాయడం మొదలుపెట్టాను. ఆమెకు 79 పిల్లల పుట్టుకా గుర్తే. ఒకటి దీపావళి తర్వాత వాన పడిన రాత్రి, ఒకటి మేనమామ వచ్చిన రోజు. రెండు గంటలు కూర్చున్నాం. లెక్క ఇలా తేలింది: మంద బయల్దేరే వేళకు గానీ మేత పొలంలో గానీ పుట్టి, తల్లి పాలు సాయంత్రం దాకా అందని పిల్లలు 27. మిగతా 52 రాత్రో సాయంత్రమో పుట్టి తల్లి పక్కనే ఉన్నవి. మొత్తం చనిపోయిన 16 పిల్లల్లో 12 ఆ 27లోనివే. మందుకు లొంగని ఎనిమిదిలో ఆరు కూడా వాటిలోవే. 52లో పోయినవి నాలుగు, అందులో రెండిటి తల్లులకు పొదుగు ఒక వైపు చెడింది.

చచ్చిన పిల్ల బతికినదానికన్నా బాగా గుర్తుంటుంది కాబట్టి, ఇలాంటి లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. అందుకే కొలిచి చూడాలనుకున్నాను. నాలుగు వారాలు దాటిన పిల్లల రక్తంలో పుట్టిన రోజు సంగతి తెలియదు. కానీ మంద ఇంకా ఈనుతూనే ఉంది. గత వారంలో పుట్టిన, రెండు నుంచి ఆరు రోజుల వయసున్న 12 పిల్లల నుంచి రక్తం తీసి, సీరం వేరుచేసి, ప్రోటీన్ ఎంతుందో చూపే, చేతిలో పట్టుకునే రిఫ్రాక్టోమీటర్‌లో ఒక్కో చుక్క వేసి చూశాను. ముర్రుపాలు బాగా తాగిన పిల్లలో మొత్తం ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అందులో తల్లి యాంటీబాడీలు కలిసి ఉంటాయి. రాత్రి పుట్టిన ఆరింటికీ 100 మి.లీ.కి 5.4 గ్రాములు దాటింది. పొద్దున పుట్టిన ఆరింటిలో ఐదింటికి 3.9 నుంచి 4.7 మధ్యే. ఆరోదానికి 5.8 వచ్చింది. నాకు అర్థం కాలేదు. అవ్వను అడిగితే, "దాని తల్లి కుంటుతది బిడ్డా, ఆ దినం మేతకు పోలే" అంది.

ఆ ఎనిమిది గంటల్లో ఏం పోతుంది

మనుషుల్లో తల్లి యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. గొర్రెల మాయ వాటిని దాటనివ్వదు. పిల్ల దాదాపు ఖాళీ చేతులతో పుడుతుంది. ఈనడానికి ముందు వారాల్లో తల్లి తన రక్తంలోని ఐజీజీ రకం యాంటీబాడీలను ఏరి పొదుగులోకి పంపుతుంది. అదే ముర్రుపాలు. పిల్ల పేగు గోడ పుట్టిన వెంటనే వాటిని విరగకుండా, అరగకుండా నేరుగా రక్తంలోకి పీల్చుకుంటుంది. మొదటి ఆరు గంటల్లో ఇది బాగా జరుగుతుంది, తర్వాత గంట గంటకూ తగ్గి ఒక రోజు దాటేసరికి దాదాపు మూసుకుపోతుంది. పొద్దున పదింటికి పుట్టి సాయంత్రం ఆరింటికి కడుపు నిండా తాగిన పిల్లకు ఆకలి తీరుతుంది గానీ, రక్తంలోకి చేరేది కొంచెమే.

అలాగని ఆ పిల్ల మర్నాడే చచ్చిపోదు. అందుకే ఈ తప్పు ఎవరికీ కనపడదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు సుమారు రెండు మూడు వారాలకు ఒకసారి సగమవుతూ పోతాయి. పిల్ల సొంతంగా యాంటీబాడీలు చేసుకోవడం మెల్లగా మొదలై, గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఒకటి తరుగుతుంటే ఇంకోటి ఇంకా అందుకోని ఆ నడిమి వారాలు అన్ని పిల్లలకూ గండమే. నిండుగా బయల్దేరిన పిల్ల ఆ వారాల్లోకి వచ్చేటప్పటికి కొంతైనా మిగిలి ఉంటుంది. అడుగంటి బయల్దేరిన దానికి ఏమీ ఉండదు. సరిగ్గా అప్పుడే డిసెంబరు చలి, మూసిన గది, అమ్మోనియా, ఇరుకు కలిశాయి. ఎవరైనా ఐదో వారంలో దగ్గే పిల్లను చూసి పుట్టిన రోజును ఎందుకు తలుచుకుంటారు?

యాంటీబాడీలు ల్యూకోటాక్సిన్‌ను కూడా అడ్డుకోగలవు కాబట్టి, అవి ఉన్న పిల్లలో మందు పడేదాకా నష్టం అదుపులో ఉంటుంది. లేని పిల్లలో మందు సరైనదే అయినా అప్పటికే ఊపిరితిత్తి గట్టిపడి ఉంటుంది. ఆ ఎనిమిది విషయంలో నాకు దొరికిన సమాధానం ఇది.

ఇక్కడే టీకాల మాట. పెద్దాయన, "గురక టీకా ఏయించినం గద సారూ, మరెందుకు వచ్చింది?" అని అడిగాడు. గురక టీకా పాశ్చురెల్లా మల్టోసిడా మీద పనిచేస్తుంది. మాన్‌హైమియా దాని చుట్టం లాంటిదే గానీ, ఆ టీకా దీన్ని ఆపదు. పీపీఆర్ టీకా పిల్లకు మూడు నెలలు నిండాక వేయాలనడానికి కూడా కారణం ఈ పాలే. తల్లి యాంటీబాడీలు రక్తంలో ఉండగా వేస్తే అవి టీకా వైరస్‌నే తటస్థం చేసేస్తాయి. కొన్నేళ్ళ కిందట పక్క ఊళ్ళో పీపీఆర్ పుట్టిందని, జాలిపడి నేనే ఒక మందలో నెల పిల్లలకు వేశాను. మూడు నెలల తర్వాత వాటిలో కొన్నిటికి అదే రోగం వచ్చింది. మళ్ళీ వేయకుండా వదిలేయడం నా పొరపాటు.

మార్పులు

పెద్ద కొడుకుతో వాదన జరిగింది. "ఈనినదాన్ని ఇంట్ల కట్టేస్తే మేత యాడికెల్లి తేవాలె సారూ?" న్యాయమైన ప్రశ్న. రెండు రోజులకు తల్లికి పల్లి కట్టె, అవిశ కొమ్మలు, గుప్పెడు జొన్నలు చాలని లెక్క వేసి చూపించాను. ఒక పిల్ల ధరతో పోల్చుకోమన్నాను. ఒప్పుకున్నాడు. ఈనిన గొర్రె రెండు రోజులు ఇంటి దగ్గరే ఉంటుంది. పొలంలో ఈనితే తల్లీ పిల్లా కలిసే ఉండాలి.

అవ్వకు చెప్పినవి: పిల్ల పుట్టగానే తల్లి చన్నులు చేత్తో పిండి మొదటి రెండు ధారలు తీయాలి. చన్ను మొనలో మైనం లాంటి బిరడా ఉంటుంది, బలం లేని పిల్ల దాన్ని లాగలేదు. గంట, రెండు గంటల్లో పిల్ల తాగాలి. తాగిందని నమ్మకం లేకపోతే సీసాతో పట్టాలి, కిలో బరువుకు ఒక్కసారికి 50 మి.లీ., మొదటి రోజు మొత్తంలో కిలోకు 200 మి.లీ. దాకా. రెండున్నర కిలోల పిల్లకు పూటకు ఒక టీ గ్లాసు కన్నా కాస్త ఎక్కువ. పాలు ఎక్కువున్న గొర్రె ముర్రుపాలు చిన్న సీసాల్లో పోసి కొడుకు ఇంట్లో ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించాలి. తొలిచూలు గొర్రె పాలివ్వకపోతే, తల్లి చనిపోతే అవే ఆధారం. గడ్డ కరిగించేటప్పుడు పొయ్యి మీద పెట్టొద్దని మరీ మరీ చెప్పాను. యాంటీబాడీలు ప్రోటీన్లు, మరిగిస్తే గుడ్డు గట్టిపడినట్టు పాడవుతాయి. చెయ్యి పెట్టగలిగినంత వెచ్చని నీళ్ళలో సీసా ఉంచితే చాలు.

ఈనడానికి చివరి నెలన్నర చూడి గొర్రెలకు రోజుకు పావు కిలో దాకా జొన్న, మొక్కజొన్న నూక, పల్లి చెక్క కలిపి పెట్టమన్నాను. ఎండిన తల్లికి ముర్రుపాలు తక్కువ, పిల్ల కూడా లేచి తాగలేనంత నీరసంగా పుడుతుంది. చిటుక (ఎంటెరోటాక్సీమియా) లాంటి రోగాల టీకాలు ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వేస్తే ఆ రక్షణ కూడా ఈ పాలలోకే దిగుతుంది. సంత జీవాలను మూడు వారాలు వేరే దొడ్డిలో ఉంచాలి.

ఆ తర్వాత ఫిబ్రవరి చివరికి 41 పిల్లలు పుట్టాయి. ఆరు దగ్గాయి, ఆరూ మొదటి సూదికే కోలుకున్నాయి. రెండు పోయాయి, ఒకదాన్ని కుక్కలు పట్టాయి, ఒకటి కవలల్లో బలహీనమైనది. గది తెరవడం, చలి తగ్గడం, పాలు అందడం అన్నీ ఒకేసారి జరిగాయి కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. జబ్బు నుంచి బయటపడ్డ పాత పిల్లల్లో నాలుగు మాత్రం ఎదగలేదు. ఒకసారి గట్టిపడిన భాగం మచ్చగా మిగిలిపోతుంది, పరిగెత్తిస్తే ఇప్పటికీ ఆయాసపడతాయి. ఆక్సీటెట్రాసైక్లిన్ వేశాక 28 రోజులు కోతకు ఇవ్వొద్దని చెప్పాను, అది దాటాకే అమ్మారు.

మార్చి మొదటి వారంలో పెద్ద కొడుకు ఫోన్ చేశాడు. గొర్రె పొలంలో ఈనిందట. పిల్లను గొంగట్లో చుట్టుకుని, తల్లిని తోలుకుంటూ ఇంటికి వస్తున్నాడు, ఇంకా గంట నడక ఉంది.

"నడుమ చెట్టు కింద ఆపి తాపిన సారూ. సరిపోతదా?"

"కడుపు పట్టి చూడు."

కాసేపు గాలి హోరు, గొర్రె అరుపు వినిపించాయి.

"గుండ్రంగ ఉంది. వెచ్చగ ఉంది. పండుకున్నది సారూ."